బహుమతిగా కారు తగిలిందన్నారు, ఇప్పుడు కేసు పెడతామంటున్నారు

ప్రశ్న: మా నాన్నగారు రిటైరైన ఉద్యోగి. నెల కిందట ఓ ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ పేరుతో రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం, స్క్రాచ్ కార్డు వచ్చాయి. గీకితే కారు తగిలింది. కారు వద్దంటే 8,20,000 రూపాయలు ఇస్తామన్నారు. ప్రాసెసింగ్ ఫీజని 6,500, తర్వాత జీఎస్టీ అని 24,000 యూపీఐలో కట్టించుకున్నారు. ఆధార్, పాన్, పాస్‌బుక్ ఫొటోలూ తీసుకున్నారు. ఇప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్ కింద ఇంకో 61,000 కట్టాలని, లేదంటే పన్ను ఎగవేత కేసు పెడతామని అంటున్నారు. నాన్నగారికి టెన్షన్‌తో నిద్ర లేదు. అయినా, ఇదొక్కటీ కడితే మొత్తం వస్తుందన్న ఆశ చావలేదు. నిజంగా కేసు పెట్టగలరా? కట్టింది వెనక్కి వస్తుందా?

జవాబు: నాన్నగారి మీద కేసేమీ ఉండదు. ఆ మాట ముందు ఆయనకు చెప్పండి. చేతికి రాని సొమ్ముకు పన్ను ఎగవేత ఎక్కడిది? నిజానికి భయపెట్టి డబ్బు లాగడమే భారతీయ న్యాయ సంహితలోని (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 308వ సెక్షన్ కింద నేరం. అసలు మోసానికి 318(4) ఉంది, ఏడేళ్ల వరకు శిక్ష. ఫోన్, ఇంటర్నెట్ వాడి మరొకరి పేరు చెప్పుకుని మోసగించారు కాబట్టి సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలోని 66డి సెక్షన్ కూడా పడుతుంది.

ఇక పన్ను సంగతి. మోసగాళ్లు నూటికి నూరుపాళ్లు అబద్ధం చెప్పరు, చిక్కంతా అక్కడే. బహుమతి మీద పన్ను ఉన్న మాట నిజం. 10,000 దాటిన నగదు బహుమతి మీద 30 శాతం పన్నును ఇచ్చేవాళ్లే కోసుకుని మిగతాది ఇస్తారు. ముందు మీరు పంపండి, తర్వాత మేమిస్తాం అనేది చట్టంలో లేదు. కారు లాంటి వస్తువైతే కోసుకోవడానికి నగదు ఉండదు కనుక, పన్ను కట్టాకే వస్తువు అప్పగించాలి. ఈ ఒక్క చోట గెలిచినవారి నుంచి పన్ను అడిగే వీలుంది. కానీ అదీ చలానా ద్వారా ప్రభుత్వ ఖాతాకు వెళ్లి, గెలిచినవారి పాన్ మీద నమోదు కావాలి. ఎవరో వ్యక్తి యూపీఐ ఐడీకి వెళ్లింది పన్ను కాదు. బహుమతి అందుకోవడానికి గెలిచినవాళ్లు జీఎస్టీ కట్టడం అన్నది అసలే లేదు.

మీరు పంపిన ఉత్తరం ఫొటో చూశాను. పైన మూడు సింహాల ముద్ర, కింద హోలోగ్రామ్, ముగ్గురు అధికారుల సంతకాలు. ఆ మూడు సంతకాలూ ఒకే చేతివి, ఒకే పెన్నువి! హెల్ప్‌లైన్ అని ఇచ్చింది మామూలు మొబైల్ నంబరు. 'బహుమతి అందేవరకు ఎవరికీ చెప్పవద్దు' అన్న వాక్యం మాత్రం ఎర్ర అక్షరాల్లో ఉంది. మీకు చెబితే ఆట కట్టేస్తారని వాళ్లకు తెలుసు. కేరళ లాటరీ పేరుతో వాట్సాప్‌లో వచ్చేవీ ఈ బాపతే. అక్కడ కాగితం టికెట్లే అమ్ముతారు, అసలు టికెట్ అప్పగిస్తేనే బహుమతి. కొనని టికెట్‌కు లాటరీ ఎలా తగులుతుంది?

డబ్బు విషయంలో ఉత్తుత్తి ఆశ పెట్టను. నాన్నగారు స్వయంగా పిన్ కొట్టి పంపారు కాబట్టి బ్యాంకు తన జేబులోంచి ఇవ్వాల్సిన పని లేదు. అయినా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉంటే అక్కడే ఆపిస్తారు. డ్రా చేసేసి ఉంటే కష్టం. యూపీఐ లావాదేవీ నంబర్లు దగ్గర పెట్టుకోండి. చిరాకేసి చాట్ డిలీట్ చేయకండి, ఉత్తరాన్ని కవరుతో సహా దాచండి. కవరు మీది పోస్టాఫీసు ముద్ర పోలీసులకు పనికొస్తుంది.

నాకు పోయిన 30,500 కన్నా వాళ్ల చేతికి వెళ్లిన ఆధార్, పాన్, పాస్‌బుక్ ఫొటోల గురించే ఎక్కువ భయం. బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయించండి. ఆయన పేరున కొత్త అప్పులేమైనా పుట్టాయేమో సిబిల్ రిపోర్టులో (అప్పుల చరిత్ర చూపే నివేదిక), తెలియని సిమ్‌లున్నాయేమో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్లో చూడండి. ఖాతాలోకి ఊహించని సొమ్ము పడి, 'పొరపాటున వచ్చింది, ఫలానా వాళ్లకు పంపండి' అంటే పంపొద్దు. అది మరొక బాధితుడి డబ్బు కావచ్చు. పంపితే మీ ఖాతా స్తంభించిపోతుంది, అప్పుడు మాత్రం పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సింది నాన్నగారే.

కొన్నాళ్లకు ఇంకో ఫోన్ రావచ్చు, పోయిన డబ్బు ఇప్పిస్తాం, కొంచెం ఫీజు కట్టండి అని. చాలావరకు పాత ముఠాయే. లాయర్లమని చెప్పుకునేవాళ్లూ ఉంటారు, మా వృత్తికి అదో ఖర్మ.

డబ్బు ఎక్కడైనా ఆగిందని తెలిస్తే, విడుదల కోసం మేజిస్ట్రేటు కోర్టులో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 503వ సెక్షన్ కింద దరఖాస్తు వేసుకోవచ్చు. ఆ దశకు వస్తే ఫిర్యాదు నంబరు, బ్యాంకు స్టేట్‌మెంటు జత చేసి మళ్లీ రాయండి. దరఖాస్తులో ఏం ఉండాలో చెబుతాను.