ఒక్క సంవత్సరం ఆగమంటారు

చిన్నోడా,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి "అక్కా, వాడికి బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చిందంట" అన్నాడు. గొంతు వణికింది. సంతోషమా, దిగులా అని నేను అడగలేదు, నాకూ రెండూ కలిసే వచ్చినాయి. కొర్లగుంట ఇంట్లో నా కంప్యూటర్ కీబోర్డు మీద బొరుగులు పోసి, అవి ఏరుకుని తిన్నోడివి. ఇప్పుడు బ్లాక్‌చెయిన్ ఇంజనీరువంట. ఎదురింటావిడకు అప్పుడే చెప్పేసినా. ఆవిడకు బ్లాక్ అనే ముక్క మటుకే అర్థమై "మంచి ఉద్యోగమేనా?" అని మెల్లగా అడిగింది.

అంతటితో ఆపి ఉంటే హాయిగా పడుకునేదాన్ని. మీ నాయన చివర్లో "జీతంలో సగం వాళ్ళ సొంత క్రిప్టో కాయిన్లలో ఇస్తారంట" అన్నాడు. ఇంక నిద్ర ఎక్కడిది? ఫోన్లో చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తా ఉన్నా, తీరిగ్గా చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. పాస్‌పోర్టు గడువు చూసుకో. సేవాకేంద్రం తిరుపతిలోనే ఉంది, వీసాకైతే ఏ ఊరు పోవాలో ముందే కనుక్కో. బయటి దేశాల చదువులను లెక్కగట్టడానికి జర్మనీవాళ్ళు పెట్టుకున్న అనాబిన్ జాబితాలో నీ కాలేజీ, నీ డిగ్రీ ఎట్లా ఉన్నాయో చూసి ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకో. జర్మన్ ఈ వారమే మొదలుపెట్టు. ఆఫీసులో ఇంగ్లీషు సరిపోతుందిలే అంటారు గానీ బాడుగ ఇంటి ఓనరుకు సరిపోదు. వీసా ఖర్చనో, డిపాజిట్టనో ముందు నిన్నే కాయిన్లు పంపమని ఎవడైనా అడిగితే వాడు దొంగ, ఇంక మాట్లాడేది లేదు.

ఇంక కాంట్రాక్టు సంగతి. బ్లూ కార్డుకు, అంటే చదువుకున్న బయటిదేశంవాళ్ళు అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతికి, జీతం ఇంత ఉండాలని ఒక గీత ఉంది. ఐటీ లాంటి, మనుషులు దొరకని ఉద్యోగాలకు 2025లో అది ఏడాదికి దాదాపు 43,760 యూరోలు, ఏటా మారుతుంది. టోకెన్లు, అదే ఆ కంపెనీ కాయిన్లు, కలిపితే గీత దాటుతుందిలే అనుకోవద్దు. గీతకు పైన నిలబడే మొత్తం యూరోల్లోనే రాయించుకో. అక్కడి కేంద్ర కార్మిక న్యాయస్థానం కూడా 2025 ఏప్రిల్‌లో ఒక తీర్పు చెప్పింది. ఒక ఉద్యోగికి రావాల్సిన కమిషన్‌ను ఈథర్ అనే క్రిప్టో కాయిన్లలో ఇవ్వొచ్చంటూనే, జీతంలో అప్పులవాళ్ళు కూడా జప్తు చేసుకోవడానికి వీల్లేని కనీస భాగం మటుకు డబ్బుగానే ఇచ్చి తీరాలంది. అది చదివినప్పుడు నాకు కళ్ళు తడిసినాయి. నా కాలంలో ఇట్లా చెప్పినోళ్ళు ఎవరూ లేరు.

నా కాలం అంటే నువ్వు ఇంకా పుట్టని కాలం. ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చేసి, మద్రాసులో రెండేళ్ళు పనిచేసి, 1998లో హెచ్-1బి మీద శాన్ హోసే పోయినా. చిన్న కంపెనీ. జీతం కాస్త తక్కువ, దానికి బదులు 8,000 స్టాక్ ఆప్షన్లు ఇచ్చినారు. ఒక్కో షేరు డాలరుకు కొనుక్కోవచ్చు, నాలుగేళ్ళలో విడతలుగా చేతికొస్తాయి. 1999లో కంపెనీ షేర్ మార్కెట్‌కు పోయింది. 2000 ఫిబ్రవరికి షేరు 60 డాలర్లు. నాకు అప్పటికి 2,000 చేతికొచ్చి ఉన్నాయి. 2,000 డాలర్లు కట్టి కొనేసినా. కాగితం మీద 1,20,000 డాలర్లు, మన లెక్కలో 50 లక్షల పైమాట. ఆ రాత్రి కాలింగ్ కార్డు గీకి మీ నాయనకు ఫోన్ చేసి ఆ అంకె చెప్పినా. చిన్నోడా, నేను చేసిన తప్పు అది. షేర్లు కొనడం కాదు, ఆ అంకె నోటితో చెప్పడం.

మార్చిలో అమ్ముకునే వీలు వచ్చింది. ఆఫీసులో అందరూ ఒకటే మాట: "ఇప్పుడమ్మితే పన్ను ఎక్కువ. ఒక్క సంవత్సరం ఆగు, పన్ను తగ్గుతుంది." మాట నిజమే. ఆగినా. మార్చి 10న అక్కడి షేర్ల సూచీ నాస్‌డాక్ 5,048 దగ్గర ముగిసింది, ఆ తర్వాత దిగడం మొదలైంది. నేను రోజూ పొద్దున కాఫీ కప్పుతో స్క్రీను ముందు కూర్చుని 45, 38, 22 అని చూస్తా, "ఇంకో ఏడు నెలలే, ఇంకో అయిదు నెలలే" అని లెక్కపెట్టుకుంటా ఉన్నా. సంవత్సరం నిండేసరికి షేరు మూడు డాలర్లు. జనవరిలోనే మా టీము మొత్తాన్ని తీసేసినారు. ఉద్యోగం పోయిన హెచ్-1బి వాళ్ళకు వేరేది వెతుక్కోవడానికి ఇప్పుడు ఇస్తున్న 60 రోజులు అప్పట్లో లేవు.

అంతటితో పోతే బాగుండు. పన్ను లెక్కలు చూసే ఆయన నా కాగితాలు తిరగేసి, కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టినాడు. కొన్న రోజు షేరు 60 ఉంది కాబట్టి, ఒక్కో షేరు మీద 59 డాలర్ల లాభం వచ్చినట్టే లెక్కంట, అమ్మకపోయినా సరే. ఏఎంటీ అని వేరే పన్ను ఉంది, దాని కింద 30 వేల డాలర్లకు దగ్గరగా కట్టాలన్నాడు. అదే 2000 డిసెంబరు 31 లోపల, ఎంత తక్కువకైనా సరే, అమ్మేసి ఉంటే ఆ బిల్లే వచ్చేది కాదంట. మూడేళ్ళు కూడబెట్టింది ఒక్క చెక్కుతో పోయింది. రెండు సూట్‌కేసులతో రేణిగుంట స్టేషన్లో దిగితే మీ నాయన వచ్చి "ఆరోగ్యం బాగుంది గదా అక్కా, చాలు" అన్నాడు.

నేను ఫోన్లో చెప్పిన అంకెను నమ్మి, మీ నాయన తిరుచానూరు రోడ్డులో నా పేరు మీద స్థలానికి నాలుగు లక్షలు అడ్వాన్సు ఇచ్చినాడు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి. నా డబ్బు రాలేదు, రిజిస్ట్రేషన్ గడువు దాటింది. "అడ్వాన్సు తిరిగి ఇచ్చేసినారులే" అని నాతో అన్నాడు. ఆ ఏడే దామలచెరువు దగ్గర మూడెకరాల మామిడితోట అమ్మేసినాడు. బోరు ఎండిపోయింది, చెట్లు ముసలివైనాయి అన్నాడు. నమ్మినా. ఎనిమిదేళ్ళ తర్వాత మీ జేజి పోయే ముందు నాకు అసలు సంగతి చెప్పింది. నీకు ఆరేళ్ళప్పుడు "మన తోట ఏమైంది అత్తా?" అని అడిగినావు, గుర్తుందా? నేను లేచి వంటింట్లోకి పోయినా.

ఇప్పుడు నీ సంగతికి వస్తా. జర్మనీలో కాయిన్లను ఏడాదికి పైగా దాచుకుని అమ్ముకుంటే ఆ లాభం మీద పన్ను లేదు. నీకు ఈపాటికే ఎవరో చెప్పి ఉంటారు, నువ్వు ఎగిరి గంతేసి ఉంటావు. ఆ చట్టం నిజమే, అయితే నా చెవికి అది పాత పాటే. జీతం కింద వచ్చిన టోకెను, అమ్ముకునే వీలుతో చేతికొచ్చిన రోజు ఎంత ధర ఉందో, ఆ ధర మీద జీతానికి వేసినట్టే పన్ను పడుతుంది. మరుసటి నెల అది చిల్లరైపోయినా కట్టిన పన్ను ఎవరూ వెనక్కివ్వరు. అందుకని టోకెన్లు వచ్చిన రోజే పన్నుకు సరిపడా అమ్మి యూరోలు చేసి పక్కన పెట్టు. మిగిలినవి దాచుకుంటావా, దాచుకో. అవి లేవనుకునే దాచుకో.

బిట్‌కాయిన్ వేరు అత్తా, 2.1 కోట్లకు మించి పుట్టవు అంటావు. ఒప్పుకుంటా. అదే 2021 నవంబరులో 69 వేల డాలర్లు ఉండి ఏడాదికి 16 వేలకు దిగింది, మళ్ళీ లేచింది. నీకిచ్చేది అది కాదు గదా, నీ కంపెనీ అచ్చువేసుకున్న కాయిను. 2022 మేలో లూనా అనేది 80 డాలర్ల నుంచి వారంలో పైసాల్లోకి పోయింది. మదనపల్లె టమాటా కూడా 2023లో జులైలో బంగారమై, రెండు నెలలకు రోడ్డు మీద పారబోసే గతికి వచ్చింది గానీ, పారబోసినోడు ఇంటికి రెండు కిలోలు తీసుకుపోయి చారన్నా పెట్టుకున్నాడు.

ఇక్కడ నువ్వు కొనిపెట్టుకున్నవాటి లెక్క పోయే ముందే తేల్చుకో. లాభం మీద 30 శాతం పన్ను, అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్, ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయనివ్వరు. గాంధీ రోడ్డులో నాకు తెలిసిన ఆడిటర్ ఉన్నాడు, పోదాం.

ఇంకొకటి, దీనికి మటుకు చెవి మెలేస్తా. నీ కాయిన్లుండే వాలెట్‌కు తాళంచెవి లాంటి ఆ 12 ఇంగ్లీషు మాటలు కాగితం మీద రాసి, ఫోటో తీసి, "భద్రంగా ఉంచమ్మా" అని మీ అమ్మకు వాట్సాప్‌లో పంపినావంట! మీ అమ్మ అది మందుల చీటీ అనుకుని నాకు పంపింది. ఏందో తెలియగానే, నేను చదవకూడదని మాటలు చదవకుండానే తీసేసినా. ఆ మాటలు ఎవడి చేతికి పోతే కాయిన్లు వాడివే, ఫిర్యాదు చేయడానికి బ్యాంకు మేనేజరు కూడా ఉండడు. కొత్త వాలెట్ తెరిచి అన్నీ దాంట్లోకి మార్చు, ఈ రాత్రే. కొత్త మాటలు కాగితం మీద మటుకే ఉండాల. కావాలంటే నా బీరువాలో పెట్టుకో, తాళం నాది, కవరు నీది.

వద్దని చెప్పడానికి రాయలేదురా. పో. నేను చూసిన చలి, నేను ఒంటరిగా తిన్న బ్రెడ్డు ముక్క, నేను నేర్చుకున్న పని, వేటినీ నేను వదులుకోను. కొన్న అంకె, అమ్మిన అంకె మటుకు నీ దగ్గరే పెట్టుకో. బ్యాంకులో యూరోలు పడితే అప్పుడు మీ నాయనకు చెప్పు.

ఆదివారం మధ్యాహ్నం రా. కాంట్రాక్టు ప్రింటు తీసుకురా, ఫోన్లో నాకు కనపడదు. ఎర్ర పెన్ను నా దగ్గర ఉంది. సంగటి, చెనక్కాయల ఊరిబిండి చేస్తా. మీ నాయన మొన్న ఒక బుట్ట తోతాపురి తెచ్చిచ్చినాడు, ప్రతి ఏడూ తెస్తాడు, దామలచెరువు మార్కెట్లో కొన్నా అంటాడు. అవీ ఉన్నాయి.

ఈ ఉత్తరం ఆయనకు చూపించొద్దు. తోట సంగతి నాకు తెలియదనే అనుకుంటున్నాడు.

మీ అత్త