ఇప్పుడు రెండంతస్తులు, తర్వాత మూడు

ప్రశ్న: విజయవాడ శివారులో 800 గజాల్లో మా కంపెనీకి ఆఫీసు కట్టుకుంటున్నాం. 60 మందిమే కాబట్టి ప్రస్తుతానికి గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్ చాలు. నాలుగైదేళ్లలో జీ ప్లస్ ఫోర్ చేయాలి. ఫుటింగులు (పిల్లర్ల కింది పునాది దిమ్మెలు) ఇప్పుడే ఐదంతస్తులకు వేయాలని ఇంజనీరు అంటున్నారు. అంత డబ్బు ఇప్పుడే భూమిలో పోయాలా? పిల్లర్ల ఊచలు పైకి వదిలేస్తే సరిపోదా?

జవాబు: పోయాల్సిందే. 6 మీటర్లకొక పిల్లరు చొప్పున వేస్తే లోపలి పిల్లరు ఒక్కో అంతస్తులో 36 చదరపు మీటర్లు మోస్తుంది. చదరపు మీటరుకు 1.2 టన్నులు వేసుకున్నా రెండు స్లాబులకు సుమారు 86 టన్నులు, ఐదింటికి 216 టన్నులు. ఫుటింగు సొంత బరువుకు పది శాతం కలిపి, నేల చదరపు మీటరుకు 20 టన్నులు మోస్తుందనుకుంటే ఇప్పటికి 2.2 మీటర్ల చదరపు ఫుటింగు చాలు, ఐదంతస్తులకైతే 3.45 మీటర్లది కావాలి. (ఇది ఉదాహరణే. నల్లరేగడి అయితే లెక్క మారుతుంది, మట్టి పరీక్ష తప్పదు.) ఈ తేడాను గుంట తవ్వి ఉన్నప్పుడే పూడ్చుకోవడం తేలిక. తర్వాతైతే కింద మనుషులు పనిచేస్తుండగా గచ్చు పగలగొట్టి, పాత ఫుటింగు చుట్టూ తవ్వి, పిల్లరుకు జాకెటింగ్ (చుట్టూ కొత్త ఊచలు, కాంక్రీటు తొడగడం) చేయాలి.

అయితే ఫుటింగు కంటే ముందు చూడాల్సింది సెట్‌బ్యాక్. భవనం ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదలాల్సిన ఖాళీ పెరుగుతుంది. రెండంతస్తుల ప్లానుకు సరిపడా వదిలి కట్టేస్తే, పిల్లర్లు ఎంత లావుగా ఉన్నా పై అంతస్తులకు అనుమతి రాదు. ఖాళీలు, పార్కింగు ఐదంతస్తులకే లెక్క వేయించండి. ఇంకొకటి: అంతస్తు 3.3 మీటర్లయితే ఐదింటికి 16.5 మీటర్లు. వాణిజ్య భవనం 15 మీటర్లకు చేరితే ఫైర్ ఎన్‌ఓసీ కావాలి. రెండో మెట్లదారికి, ఫైర్ ట్యాంకుకు చోటు మొదటి ప్లానులోనే ఉండాలి.

ఊచల సంగతి. టెర్రస్ మీద పొదల్లా నిలబడే ఊచలు మన ఊళ్లలో ఏ వీధిలోనైనా కనిపిస్తాయి. నాలుగు వానాకాలాలకు పొరలు పొరలుగా తుప్పు రాలుతుంది. అడ్డమని వంచి, తర్వాత తిన్నగా చేస్తే వంపు దగ్గర ఊచ చిట్లే ప్రమాదం ఉంది. పైగా భూకంప నిబంధన ఐఎస్ 13920 ప్రకారం పిల్లరులో ల్యాప్ (ఊచ పక్కన ఊచ పెట్టి అతికే చోటు) అంతస్తు ఎత్తులో మధ్య సగంలోనే రావాలి, ఒకే చోట సగానికి మించి ఊచలు అతకకూడదు. అలా వదలాలంటే కొన్ని ఊచలు మనిషి ఎత్తు దాటతాయి. దానికంటే టెర్రస్ పైన పొట్టి పిల్లరు ముక్క పోసి, ఊచలకు ఐఎస్ 16172లోని హెచ్ తరగతి కప్లర్లు (రెండు ఊచలను మరలతో కలిపే ఉక్కు గొట్టాలు) బిగించండి. మరలో గ్రీజు పూసి, ప్లాస్టిక్ మూత పెట్టి, పైన పలుచని కాంక్రీటు కప్పండి.

టెర్రస్ స్లాబును టెర్రస్‌గా డిజైన్ చేయించకండి. దానికి లైవ్‌లోడ్ (మనుషులు, సామాను బరువు) చదరపు మీటరుకు 150 కిలోలు. ఆఫీసు ఫ్లోరుకు 250, ఫైళ్ల గది వేరుగా లేకపోతే 400. వాలు కోసం ఇటుక ముక్కల కోబా దట్టంగా వేస్తే మరో 200 కిలోలు కూర్చుంటుంది. తర్వాత తీయకపోతే పై ఫ్లోరు మట్టం లేచి, మెట్లలో ఒకటి పొట్టిదో పొడుగుదో అవుతుంది. నీరు దిగకుండా మెంబ్రేన్ (వాటర్‌ప్రూఫ్ పొర), దానిమీద పలుచని స్క్రీడ్ (సిమెంటు పూత) చాలు. లిఫ్ట్ గుంటను చివరి అంతస్తుకు సరిపడా కొలతలతో ఇప్పుడే కట్టండి.

ప్రశ్న: హైదరాబాద్ శివారులో మాకు రెండెకరాలుంది. ఇప్పుడు ఎ బ్లాకు, మూడేళ్ల తర్వాత దాని పక్కనే బి బ్లాకు. రెంటినీ ఎలా కలపాలి?

జవాబు: చూపుకు కలపండి, కాంక్రీటుతో కలపకండి. పాత బ్లాకు నేలలో కుదురుకుని ఉంటుంది, కొత్తది అప్పుడే దిగుతుంటుంది. ఒకే బీము మీద రెండూ కూర్చుంటే అతుకు దగ్గర పగులు ఖాయం. పిల్లర్లు వేర్వేరుగా వేసి, భూకంపంలో ఒకదానికొకటి కొట్టుకోకుండా మధ్యలో ఖాళీ వదలాలి. పైకప్పు దగ్గర రెండు బ్లాకుల లెక్కించిన కదలికలను కలిపి, ఆర్ విలువతో (డిజైన్‌లో భూకంప బలాన్ని ఎన్ని రెట్లు తగ్గించి లెక్కించారో ఆ అంకెతో) గుణిస్తే ఆ ఖాళీ వస్తుంది. చెరి 8 మిల్లీమీటర్లు, ఆర్ 5 అయితే 80 మిల్లీమీటర్లు. బి వైపు గోడలో తర్వాత తలుపు రావాల్సిన చోట లింటెల్ ముందే పోసి ఇటుకతో మూసేయండి.

బి ఫుటింగు ఎ కంటే లోతుకు పోతే పాత ఫుటింగు కింది మట్టి జారుతుంది. ఒక మీటరు అదనపు లోతుకు రెండు మీటర్లయినా దూరం ఉంచాలి. చాలామంది మరిచేది డ్రైనేజీ లోతు. బి నుంచి ఎ చాంబరుకు 60 మీటర్లు, వాలు వందకు ఒకటి అయితే 60 సెంటీమీటర్ల దిగుడు కావాలి. ఎ చాంబరు అంత లోతుగా లేకపోతే పంపు పెట్టుకోవాల్సిందే. రోడ్డు వేసేటప్పుడే కింద రెండు ఖాళీ పైపులు, తర్వాత కేబుళ్లు లాగడానికి లోపల తాడుతో సహా, వేసి మూతలు బిగించండి.

ప్రశ్న: జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి సామర్థ్యంతో ఇప్పుడే కొనాలా?

జవాబు: వద్దు. వాటికి చోటు ఉంచండి. డీజిల్ జనరేటరు ఎప్పుడూ 30 శాతం లోపు లోడు మీద నడిస్తే కాలని ఇంధనం, మసి పేరుకుని పొగ గొట్టం తడిబారుతుంది. రెండో జనరేటరుకు దిమ్మె, పొగగొట్టం దారి, కేబుల్ ట్రెంచ్ సిద్ధం చేయండి. ప్యానెల్ బస్‌బార్ (కరెంటు పంచే లోహపు పట్టీ) మాత్రం పూర్తి సైజులో తీసుకుని, రెండు మూడు ఫీడర్లు (బయటికి వెళ్లే లైన్లు) ఖాళీగా ఉంచండి.