కేమన్ వేడెక్కుతుంటే ముందు బంపర్ విప్పించండి

అన్నా, హైవేలో బాగానే ఉండి, కర్నూలు ట్రాఫిక్‌లో ఏసీ వేయగానే మీ పోర్షే కేమన్ వేడెక్కుతోందన్నారు కదా. మెకానిక్ చెప్పాడని అప్పుడే వాటర్ పంప్ మార్చేయొద్దు. ఇంజిన్ సీట్ల వెనకున్నా, రేడియేటర్లు ముందు బంపర్‌లో రెండు పక్కలా ఉంటాయి. వాటికి ముందు ఏసీ కండెన్సర్లు, అంటే ఏసీ వేడిని బయటికి వదిలే జాలీలు. ఆ సందులో ఎండుటాకులు, దుమ్ము ఇరుక్కుంటాయి; ఆదోని వైపు పత్తి లారీల వెనక తిరిగితే దూది కూడా! బయటికి కనిపించదు. బంపర్ విప్పించి, మెత్తటి బ్రష్‌తో, వాక్యూమ్‌తో తీయించండి. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, రేడియేటర్ల సన్నటి రేకులు వంగిపోతాయి. ఏసీ వేసి రెండు ఫ్యాన్లూ తిరుగుతున్నాయో లేదో చూడండి. ఈమధ్య కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మార్పించి ఉంటే పైపుల్లో గాలి చిక్కుకుని ఉండొచ్చు. పైపులు ముందు నుంచి వెనక్కి అంత దూరం పోతాయి మరి, వాక్యూమ్ పెట్టి, లోపలి గాలి లాగేసి కూలెంట్ నింపే మెకానిక్ కావాలి.