ముసురు రోజుల్లో పావురాల గది తడి ఆరకపోతే ఏం చేయాలి?

భీమవరంలో డాబా మీద రేకుల గది, ముప్పై దాకా హోమర్లు (దూరం నుంచి వదిలినా గూటికి తిరిగొచ్చే జాతి పావురాలు), వానలు మొదలైనప్పటి నుంచి నేల ఆరడం లేదు, రెట్ట పచ్చగా నీళ్లలా పడుతోంది, గూళ్లలో పిల్లలు పోతున్నాయి, చుట్టూ టార్పాలిన్ బిగించి కట్టినా తడి తగ్గలేదు అని రాశారు. ముందు ఆ టార్పాలిన్ సంగతి చూడండి. ఇవాళే పైన జానెడు మేర, గది పొడవునా విప్పేయండి. మిగతావన్నీ ఆ తర్వాత.

నేనూ కాకినాడలో డాబా మీదే పెంచుతున్నానండి. మన వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అవి వెళ్లీ వెళ్లకముందే అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. ఏడాదిలో సగం తేమలోనే గడుస్తుంది. ఇన్నేళ్లుగా చూసి నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. గదిని వాన కంటే ఎక్కువగా తడిపేది లోపలున్న పావురాలే. ఒక్కో పావురం రోజుకు 30 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది, పిల్లల్ని మేపే జంటలైతే ఇంకాస్త ఎక్కువ. ముప్పై పావురాలంటే లీటరు నుంచి రెండు లీటర్లు. తాగిన నీళ్లలో చాలా భాగం ఊపిరితోనో, రెట్టతోనో మళ్లీ ఆ గదిలోకే వస్తాయి. టార్పాలిన్ బిగిస్తే వాన బయట ఆగుతుంది, ఈ నీళ్లు లోపల ఆగిపోతాయి.

ఇక రేకు. మీ రేకు కారుతోందా, చెమరుస్తోందా అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే రెంటికీ వైద్యం వేరు. వాన లేని రాత్రి చూసి, తెల్లవారుజామున గదిలోకి వెళ్లి రేకు అడుగున చేత్తో తడిమి చూడండి. అంతటా చెమ్మగా ఉంటే అది చెమట. చల్లని నీళ్లు పోసిన చెంబు బయట ఎలా చెమరుస్తుందో ఇదీ అంతే: రాత్రి రేకు చల్లబడుతుంది, పావురాల ఊపిరిలోని ఆవిరి దానికి తగిలి బొట్లు కడుతుంది, తెల్లారేసరికి గూళ్లలోకి రాలుతుంది. అలా కాకుండా వాన పడుతున్నప్పుడు ఏదో ఒక బోల్టు దగ్గరే చుక్క పడుతుంటే అది కారడం. రబ్బరు వాషరు మార్చి, చుట్టూ తారు పూస్తే దాని పని అయిపోతుంది.

చెమటకు తారు పనికిరాదు. మా వీధిలో ఒక పెద్దాయన తాటాకు పాకలో పావురాల్ని పెంచేవారు. ఎంత ముసురు పట్టినా ఆ పాకలో చుక్క రాలేది కాదు. తాటాకు చెమర్చదు, సందుల్లోంచి ఆవిరి బయటికి పోతుంది. అది చూసే నేను నా రేకుల కింద నాలుగు వేళ్ల సందు వదిలి కొబ్బరాకు తడకలు కట్టాను. బొట్లు రాలడం ఆగింది. ఏటా వేసవిలో పాత తడక పీకి కాల్చేసి కొత్తది కట్టాలి, లేకపోతే పేలు, గోమార్లు చేరతాయి. థర్మాకోల్ మాత్రం వద్దు. పావురాలు పొడిచి పొడిచి ఆ గింజలు మింగుతాయి.

గాలి కింద నుంచి లోపలికి రావాలి, పైనుంచి బయటికి పోవాలి. వేడెక్కిన తడిగాలి పైకి లేస్తుంది కాబట్టి చూరు కింద బెత్తెడు సందు గది పొడవునా ఉండాలి. ఎదురు గోడకు అడుగున చిన్న కిటికీలు. రెండింటికీ అరంగుళం గళ్ల వెల్డెడ్ మెష్ కొట్టండి, మన వైపు ఎలుకలు, పాములు తక్కువేం కాదు. అయితే పావురాలు పడుకునే చోట ఈదురుగాలి తగలకూడదు. అది తెలుసుకోవడానికి రాత్రిపూట పావురాలు కూర్చునే బద్దల దగ్గర ఒక అగరొత్తి పట్టుకోండి. పొగ నెమ్మదిగా లేచి చూరు వైపు వెళ్తే బాగున్నట్టు. పక్కకు కొట్టుకుపోతే కింది కిటికీ సగం మూయండి. అక్కడక్కడే తిరుగుతుంటే పైసందు చాల్లేదు.

జల్లు కొట్టకుండా చూరు కనీసం రెండడుగులు బయటికి దించాలి. గది ముఖం తూర్పుకి ఉంటే పొద్దుటి ఎండ లోపలిదాకా పడుతుంది, నైరుతి గాలికి వీపు ఉంటుంది. తుపాను వచ్చే ముందు మాత్రం గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి కొడుతుంది, అప్పుడు తూర్పు ముఖమే తడుస్తుంది. అందుకని చుట్టి పైకి కట్టుకునే పరదాలు పెట్టుకోండి. గాలివాన కొడుతున్న పక్క దించాలి, ఎదురు పక్క పైసందు ఎంత తుపానులోనైనా తెరిచే ఉండాలి. వాన తగ్గగానే పరదా ఎత్తేయాలి.

నేల విషయం కాస్త వివరంగా చెబుతాను, పిల్లలు పోవడానికీ దీనికీ సంబంధం ఉంది. పావురాలకు కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు వస్తుంది. ఆ పరాన్నజీవి గుడ్లలాంటి రూపంలో రెట్టతో బయటికి వస్తుంది. పడగానే అది ఏమీ చేయలేదు. వెచ్చదనం, తేమ దొరికితే ఒకటి రెండు రోజుల్లో జబ్బు అంటించే స్థితికి వస్తుంది. మన వానాకాలం దానికి సరిగ్గా సరిపోతుంది. మామూలు ఫినాయిల్‌కి అది చావదు, ఎండిపోతే చస్తుంది. అందుకే రెట్టను రోజూ తీసేయాలి, రెండు రోజులకోసారి అన్నా ఆలస్యమే. తాపీతో గానీ, పెయింటర్లు వాడే పుట్టీ రేకుతో గానీ పొడిగా గీకేయండి. ముసురు పట్టిన రోజుల్లో నేల కడగొద్దు. కడిగితే శుభ్రంగా కనిపిస్తుంది, రెండు రోజులకు కూడా ఆరదు. కడగడం ఎండ కాసే రోజుకు ఉంచుకోండి, అదీ పొద్దున్నే.

నేల తడి స్లాబులోంచి వస్తోందనే అనుమానం ఉంటే, బాగా గీకి తుడిచిన చోట జానెడు పాలిథిన్ ముక్క పరిచి నాలుగంచులూ టేపు వేసి రాత్రంతా ఉంచండి. తెల్లారి దాని అడుగున చెమ్మ ఉంటే స్లాబు నీరు పీల్చింది. పైన చెమ్మ ఉంటే గది గాలిలోని తడి. స్లాబు దోషమైతే ఇటుకలు పేర్చి వాటి మీద చెక్క బద్దల నేల వేసుకోవడమే దారి, కింద గాలి ఆడుతుంది. మీ ఊళ్లో రైస్ మిల్లుల దగ్గర ఊక తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి పరిచేస్తుంటారు. ఎండాకాలంలో మంచిదే. వానల్లో ఒకసారి తడిసిందంటే బూజు పడుతుంది, ఆ బూజు పావురాల ఊపిరితిత్తుల్లో చేరుతుంది. నా మాటగా చెప్పాలంటే ఈ నాలుగైదు నెలలూ ఉత్త చెక్క నేలే మేలు. తడి నేలమీద సున్నం చల్లినా కాళ్లూ కళ్లూ మండుతాయి.

నీళ్ల గిన్నె నేలమీద పెట్టకండి. మెష్ మూత వేసిన ట్రే మీద పెడితే చిందిన నీళ్లు ట్రేలోకే పోతాయి. వీలైతే గిన్నె బయటే ఉంచి, తల దూర్చి తాగేలా కన్నాలు చేయండి. గూళ్లలో మట్టి మూకుళ్లు వాడండి, మట్టి తడి పీలుస్తుంది. వాటిలో గడ్డికి బదులు ఎండు పొగాకు కాడలు వేస్తే పురుగు కూడా రాదు. పిల్లలు వారం దాటాక మూకుడు మార్చాలి.

మేత బియ్యపు డబ్బాలో, మూత బిగించి. మొక్కజొన్న గింజ పంటి కింద పటుక్కున విరగాలి. మెత్తగా నలిగినా, బూజు వాసన వచ్చినా పారేయండి. కడిగినా, వేయించినా బూజు వదిలిన విషం పోదు. గ్రిట్‌లో (మేత అరగడానికి పావురాలు తినే సన్న రాళ్ల మిశ్రమం) ఉప్పు ఉంటుంది గనక తేమ లాగి ముద్దవుతుంది, కొద్దికొద్దిగా పెట్టండి.

చలికి, తడికి లోపల కుంపటి పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. బొగ్గుల గాలికి రాత్రికి రాత్రే పక్షులన్నీ పోతాయి. చలిదేశాల వాళ్లు గది వెచ్చబెట్టే పరికరాలు చూపించే వీడియోలూ మనకు పనికిరావు, మనకు లేనిది వెచ్చదనం కాదు.

ముప్పై పక్షులకు ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, ఏడడుగుల ఎత్తు గది నా లెక్కలో కనీసం. మీది అంతకన్నా చిన్నదైతే వానలు ముగిసేదాకా జంటల్ని విడదీసి గుడ్లు ఆపండి.

పావురాలకు వాన అంటే భయం లేదండి. ఒడిశా పోలీసుల పావురాల దళం 1946లో మొదలైంది, 1999 సూపర్ సైక్లోన్‌లో తీగలన్నీ తెగిపోయినప్పుడు అవే కబుర్లు మోశాయి. తడిసిన పావురం రెక్కలు విదిల్చుకుని ఆరిపోతుంది. రాత్రంతా తడిగాలి పీల్చిన పావురానికే జబ్బు చేస్తుంది.

గీకేటప్పుడు ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఆ దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు ఊపిరితిత్తులు పాడవుతాయి. గదిలో పనిచేసిన రోజు సాయంత్రం మీకు దగ్గు, ఆయాసం, జ్వరం వస్తుంటే డాక్టరుకి పావురాల సంగతి చెప్పండి.

పచ్చ రెట్టకు ఊరికే యాంటీబయాటిక్ పొడి కలపకండి. ముందు నోరు తెరిచి చూడండి, గొంతులో పసుపు పచ్చని గడ్డలుంటే అది క్యాంకర్ అనే గొంతు జబ్బు. మెడ మెలిపడి రెట్టంతా తేట నీళ్లే అయితే వైరస్ జబ్బు కావచ్చు. ఇవేవీ లేక పిల్లలు ముడుచుకుని చిక్కిపోతుంటే కాక్సిడియోసిస్ అనుమానించాలి. జబ్బు ఏదైనా సరే, తాజా రెట్ట చిన్న డబ్బాలో పెట్టి అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద చూడమనండి. నలతగా ఉన్నవాటిని ఈలోగా వేరే బుట్టలో, వేరే నీళ్లతో ఉంచండి.