మహమ్మారి రోజుల్లో కుటుంబంతో విదేశీయాత్ర: దుబాయ్ ప్రయాణాన్ని మేము ఎందుకు మానుకున్నాం

టికెట్లు కొన్న తరువాత కోవిడ్ కేసులు పెరగడం మొదలైతే, పిల్లలనూ పెద్దవాళ్లనూ వెంటబెట్టుకుని విదేశానికి వెళ్లవచ్చా అని అడిగారు. 2021 డిసెంబరులో మా ఇంట్లో ఇదే ప్రశ్న మీద పది రోజులు చర్చ జరిగింది కనుక, మేము ఏం ఆలోచించి ఏం చేశామో రాస్తాను. వైద్య సలహా ఇచ్చే అర్హత నాకు లేదు.

అప్పుడు మేము ఐదుగురం: నేను, నా భార్య, పదమూడేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి, మధుమేహం ఉన్న మా అమ్మ. ఉండేది కూకట్‌పల్లిలో. దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్న మా తోడల్లుడు, అక్కడ జరుగుతున్న ఎక్స్‌పో 2020 అనే ప్రపంచ ప్రదర్శన చూడటానికి క్రిస్మస్ సెలవుల్లో రమ్మన్నాడు. పేరులో 2020 ఉన్నా, కోవిడ్ వల్ల ఏడాది ఆలస్యంగా 2021 అక్టోబరు 1న మొదలైన ప్రదర్శన అది. ఆయనది ఒక్క పడకగది ఫ్లాటు కాబట్టి హోటల్ గదులు కూడా తీసుకున్నాం. నవంబరులో కేసులు బాగా తగ్గి ఉండటంతో ఇదంతా ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. ఆ తరువాత నవంబరు 26న రెండు వార్తలు ఒకే రోజు వచ్చాయి: డిసెంబరు 15 నుంచి అంతర్జాతీయ విమానాలను ఎప్పటిలా నడుపుతామని మన ప్రభుత్వం ప్రకటించింది; కోవిడ్ కొత్త రూపమైన ఒమిక్రాన్ ఆందోళన కలిగించే రకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. ఐదు రోజులకే మొదటి ప్రకటన వాయిదా పడింది. ఆ విమానాలు 2022 మార్చి 27న గాని మొదలు కాలేదు.

మా అత్తమామల అనుభవం లేకపోతే అప్పుడు కూడా మేము వెళ్లిపోయేవాళ్లమేమో. కూతురి పురిటికి సాయంగా 2020 జనవరిలో అమెరికా వెళ్లిన వాళ్లకు ఏప్రిల్ మొదటి వారంలో తిరుగు టికెట్లు ఉండగా, మార్చి 22న మన దేశానికి అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. మామగారు మూడు నెలలకు సరిపడా బీపీ మాత్రలే పట్టుకెళ్లారు, అవి ఏప్రిల్ నెలాఖరుకు అయిపోయాయి, ఇక్కడి డాక్టరు చీటీ అక్కడి మందుల షాపులో చెల్లలేదు. జూలైలో, విదేశాల్లో చిక్కుకున్నవారి కోసం మన ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానంలో ఢిల్లీ మీదుగా వచ్చి, సొంత ఖర్చుతో వారం రోజులు హోటల్ క్వారంటైన్‌లో గడిపి ఇల్లు చేరారు. ఆ మూడు నెలల్లో వాళ్లలో ఎవరికీ కోవిడ్ రాలేదన్న సంగతిని గమనించండి; ఇబ్బందంతా అక్కడ చిక్కుకుపోవడం వల్లే.

ఒక రాత్రి నా భార్య గోడ క్యాలెండరులోంచి చించిన నవంబరు కాగితాన్ని వెనక్కి తిప్పి, ఐదుగురి పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసి, ఎవరు ఎన్ని కోవిడ్ పరీక్షలు దాటాలో పక్కన గీతలు పెట్టింది. అప్పటి నిబంధనల ప్రకారం దుబాయ్ వెళ్లేవారు బయలుదేరడానికి 48 గంటల లోపు ఒక ఆర్టీపీసీఆర్, శంషాబాద్ విమానాశ్రయంలోనే 6 గంటల లోపు ఒక ర్యాపిడ్ పీసీఆర్, అక్కడ దిగాక మరొకటి చేయించుకోవాలి. తిరిగి రావాలంటే 72 గంటల లోపు తీసిన నెగెటివ్ రిపోర్టును మన ప్రభుత్వపు ఎయిర్ సువిధ పోర్టల్‌లో పెట్టాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు దుబాయ్ పరీక్షలు లేవు కాబట్టి మా అబ్బాయికి తిరుగు ప్రయాణానిది ఒక్కటే. అన్నీ కలిపితే 17 గీతలు వచ్చాయి. వాటిలో 8 హైదరాబాదులోనే, అంటే పాజిటివ్ వస్తే సూట్‌కేసులతో ఇంటికి తిరిగి రావచ్చు. మిగిలిన 9 పరాయి దేశంలో.

"అత్తయ్యకు అక్కడ పాజిటివ్ వస్తే ఎవరుంటారు? నాకూ పాపకూ వస్తే బాబును మీరొక్కరే తీసుకొస్తారా?" అని అడుగుతూ ఆమె ప్రతి పేరు ఎదుట తోడుండే వారి పేరు రాయసాగింది. అమ్మ పేరు దగ్గర కలం ఆగిపోయింది. పాజిటివ్ వస్తే అప్పట్లో అక్కడ పది రోజుల ఐసోలేషన్ తప్పేది కాదు. పైగా కోలుకున్న తరువాత కూడా ఆర్టీపీసీఆర్ కొన్ని వారాల పాటు పాజిటివ్ చూపించవచ్చు, అంటే ఒంట్లో బాగున్నా విమానం ఎక్కనివ్వకపోవచ్చు. మా ప్రయాణ బీమా ఆసుపత్రి ఖర్చు ఇస్తుంది గాని, లక్షణాలేమీ లేకుండా హోటల్ గదిలో కూర్చున్న రోజులకు ఏమీ ఇవ్వదని పాలసీ కాగితం మూడోసారి చదివితే గాని నాకు అర్థం కాలేదు. "నన్ను పెద్దాడి ఇంట్లో దింపేసి మీరు వెళ్లి రండిరా" అని అమ్మ అంది, కానీ టీకా పడని అమ్మాయి సంగతి అలాగే ఉంది. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వారికి టీకా మొదలైంది 2022 మార్చి 16న.

చివరికి మానుకున్నాం. విమాన సంస్థ తేదీ మార్చుకోనిచ్చింది, హోటల్ వాళ్లు సగం డబ్బు ఉంచేసుకున్నారు. మా వీధిలోని మరో కుటుంబం అదే వారం వెళ్లి క్షేమంగా తిరిగొచ్చింది, వాళ్ల ఫోటోలు చూసి మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎక్స్‌పో మార్చి 31న ముగిసిపోయింది, మేము చూడనే లేదు.

కాబట్టి మీరు కేసుల సంఖ్యను పట్టుకుని కూర్చోవద్దు. టికెట్ కొన్న రోజుకూ ప్రయాణం రోజుకూ మధ్య అది ఎలాగైనా మారిపోతుంది. ఇంట్లో ఒక్కొక్కరి పేరూ రాసి, ఆ మనిషి అక్కడే మూడు వారాలు ఆగిపోతే తోడు ఎవరు, మందులు ఎన్ని, సెలవు ఎంత, డబ్బు ఎక్కడిది అన్నవి పూరించండి. మీరు దంపతులు ఇద్దరే అయి, టీకాలు పూర్తయి, ఎక్కడి నుంచైనా పని చేసుకునే ఉద్యోగాలైతే నేను వెళ్లమనే అంటాను. ఒక్క పేరు ఎదుటైనా ఖాళీ మిగిలితే మాత్రం వెళ్లమని అనలేను.

ఇంతా చేసి, ఆ సంక్రాంతి వారంలో అబ్బాయికి తప్ప మా అందరికీ ఇంట్లోనే కోవిడ్ వచ్చింది. అమ్మ షుగర్ లెక్కలు మా డాక్టరుకు ఫోనులో చెబితే ఆయన ఇన్సులిన్ మోతాదు మార్చారు, ఆమె గది ముందు స్టూలు మీద పూటపూటకూ పళ్లెం పెట్టాం. నాలుగో రోజు ఉదయం, చట్నీలో ఉప్పు చాలలేదని తలుపు లోపలి నుంచి గట్టిగా కేకేసింది.