బ్లేడు మీద చల్లగాలి పొర: సగటు సరిగ్గానే ఉన్నా ఎందుకు చెదురుతుంది?

ప్రశ్న: టర్బైన్ బ్లేడులోని చిన్న రంధ్రాల గుండా చల్లగాలి వదిలి, దాని మీద రక్షణ పొర పరిచే ఫిల్మ్ కూలింగ్ ప్రయోగం విండ్ టన్నెల్‌లో చేస్తున్నాం. బ్లోయింగ్ రేషియో 0.6 దగ్గర ఫలితం బాగా వచ్చింది. టర్బైన్‌లోలా వేక్‌లు (అడ్డు వెనకాల ఏర్పడే నెమ్మదైన, కల్లోల ప్రవాహాలు) రావాలని బ్లేడు ముందు కడ్డీల చక్రం తిప్పగానే ఫలితం పడిపోయింది. సగటు ఇప్పటికీ 0.6 అయినప్పుడు తేడా ఎక్కడిది?

జవాబు: తేడా ఆ సగటు చాటునే ఉంది. చల్లగాలి సాంద్రత, వేగాల లబ్ధాన్ని వేడి వాయువు సాంద్రత, వేగాల లబ్ధంతో భాగిస్తే వచ్చేదే మీరు చెప్పిన 0.6. ముప్పై, ముప్పై అయిదు డిగ్రీల వాలులో ఉన్న గుండ్రటి రంధ్రాలకు 0.5, 0.6 మధ్యే ఫలితానికి శిఖరం. అంతకు తగ్గితే పొర పలచబడుతుంది. మించితే జెట్ ఉపరితలాన్ని వదిలి పైకి లేస్తుంది, దాని కిందికి వేడి వాయువు దూరుతుంది.

కడ్డీ వెనకాల వచ్చే వేక్ దాటిన ప్రతిసారీ రంధ్రం ముఖం దగ్గర పీడనం, వేగం మారతాయి. చల్లగాలిని అందించే లోపలి గదిలో పీడనం మాత్రం అంతే ఉంటుంది కాబట్టి చల్లగాలి ఓసారి ఎక్కువగా, ఓసారి తక్కువగా వస్తుంది. నిష్పత్తి 0.4కీ 0.8కీ మధ్య ఊగిందనుకోండి. శిఖరానికి అటూ ఇటూ ఉన్నవి రెండూ నష్టాలే, వాటి సగటు శిఖరాన్ని అందుకోలేదు. దీనికి తోడు వేక్‌లోని అల్లకల్లోలం (టర్బులెన్స్) పొరను వేడి వాయువులో కలిపేస్తుంది.

ఈ రెంటినీ విడదీసి చూడటం చాలా అవసరం. చక్రం తీసేసి, అంతే టర్బులెన్స్ ఇచ్చే జాలీ పెట్టి ఓసారి కొలవండి. అప్పుడు పడిపోయినంత మేర టర్బులెన్స్ పని, మిగతాది ఊగిసలాటది. వేక్‌లు ఎంత తరచుగా వస్తున్నాయో చెప్పే స్ట్రౌహాల్ సంఖ్యను (2π × సెకనుకు వేక్‌లు × కడ్డీ వ్యాసం ÷ ప్రవాహ వేగం) కూడా తప్పక రాసుకోండి: 6 మి.మీ. కడ్డీలు 16, నిమిషానికి 400 చుట్లు, ప్రవాహ వేగం సెకనుకు 21 మీటర్లు అయితే అది సుమారు 0.19. జెట్ ముందే పైకి లేచిపోయి ఉంటే కథ తిరగబడవచ్చు. అల్లకల్లోలం కొంత చల్లగాలిని మళ్ళీ గోడకు చేరుస్తుంది, ఫలితం కాస్త మెరుగ్గా కూడా కనబడుతుంది. అందుకే శిఖరానికి ఏ వైపున ఉన్నారో ముందు తేల్చుకోండి.

ప్రశ్న: అసలు ఇంజన్‌లో ఈ ఊగిసలాట సెకనుకు వేల సార్లు జరుగుతుంది. లోహం అంత త్వరగా వేడెక్కి చల్లారదు కదా, పట్టించుకోవడం ఎందుకు?

జవాబు: లోహం గురించి మీరన్నది నిజమే. బ్లేడ్ల ముందు 40 స్థిర వేన్‌లు (వాయువును మళ్ళించే కదలని రెక్కలు), నిమిషానికి 12,000 చుట్లు అంటే సెకనుకు 8,000 వేక్‌లు. ఒక్కోదానికి 125 మైక్రోసెకన్లు. అంతలో నికెల్ మిశ్రమలోహంలోకి వేడి దిగేది సుమారు 0.025 మి.మీ. మాత్రమే. కానీ బ్లేడుకు చేరే సగటు వేడే పెరుగుతుంది. ఉష్ణ బదిలీ గుణకం (వాయువు నుంచి లోహానికి వేడి ఎంత సులువుగా చేరుతుందో చెప్పే అంకె), పొర ఉష్ణోగ్రత రెండూ ఒకేసారి ఊగుతాయి కనుక వాటి సగటులను విడివిడిగా గుణిస్తే సరైన లెక్క రాదు. లోహం ముప్పై డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే చాలు, బ్లేడు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

ఇంకా ప్రమాదకరమైన చోటు బ్లేడు ముందంచు. అక్కడ లోపలి పీడనం బయటికంటే కొద్ది శాతమే ఎక్కువ. వేక్, షాక్ తరంగం (పీడనం ఒక్కసారిగా ఎగసే అల) తాకిన క్షణంలో బయటి పీడనం దాన్ని మించితే వేడి వాయువు రంధ్రంలోకే చొరబడుతుంది. ఆ మార్జిన్‌ను సగటు పీడనం మీద కాక, గరిష్ఠ పీడనం మీద నిర్ణయించాలి.

ప్రశ్న: విసనకర్రలా విచ్చుకునే రంధ్రాలు పెడితే సరిపోతుందా?

జవాబు: చాలావరకు. పక్కలకు 10 నుంచి 15 డిగ్రీలు విచ్చుకుంటే చల్లగాలి వేగం తగ్గి, నిష్పత్తి ఒకటి దాటినా జెట్ గోడను అంటిపెట్టుకునే ఉంటుంది, ఊగిసలాటనూ బాగా తట్టుకుంటుంది. అయితే సిరామిక్ పూత వేసేటప్పుడు రంధ్రం మూతి పూడుకుపోవచ్చు. పూత తర్వాత ప్రతి బ్లేడునూ ఫ్లో బెంచ్ మీద పెట్టి, నిర్ణీత పీడన వ్యత్యాసం దగ్గర గాలి ఎంత వెళుతోందో మళ్ళీ కొలవాలి.