కమ్యూనిటీ కాలేజీ నుంచి ఎలిమెంటరీ టీచర్ దాకా: మొదటి సెమిస్టర్‌లోనే సరిచూసుకోవాల్సినవి

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో శాన్ జోస్‌లో ఉంటాం. మా అమ్మాయి పన్నెండో తరగతి. చిన్నపిల్లలకు చదువు చెప్పే టీచర్ కావాలని తన కోరిక. ఖర్చు తగ్గుతుందని దగ్గర్లోని రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో చేరతానంటోంది. ఎక్కడా సీటు రానివాళ్ళే అక్కడికి వెళ్తారని బంధువులు అంటున్నారు. ఈ దారిలో వెళ్తే నిజంగా టీచర్ అవుతుందా? ఎన్నేళ్ళు పడుతుంది, ఎంత అవుతుంది? మాకు గ్రీన్ కార్డులున్నాయి. మా ఆవిడ ఇండియాలో బీఎస్సీ, బీఎడ్ చేసింది. తనకూ ఇక్కడ టీచర్‌గా చేయాలని ఉంది. ఆమె కూడా కమ్యూనిటీ కాలేజీలోనే మొదలుపెట్టాలా?

జవాబు: తప్పకుండా అవుతుంది. కాలిఫోర్నియాలో ఎలిమెంటరీ టీచర్ కావడానికి కమ్యూనిటీ కాలేజీ రాజమార్గమే, దొడ్డిదారి కాదు. బంధువుల మాట పట్టించుకోకండి. ఉద్యోగం ఇచ్చేది ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్. అది చూసేది టీచింగ్ క్రెడెన్షియల్, అంటే రాష్ట్రం ఇచ్చే టీచర్ లైసెన్సు, ఉందా లేదా అని. మొదటి రెండేళ్ళు ఎక్కడ చదివావని దాని మీద రాసి ఉండదు. ఈ దారిలో పిల్లలు వెనకబడేది కాలేజీ వల్ల కాదు. డిగ్రీ పేరు సరిగ్గా చూసుకోకుండా చేరిపోవడం వల్ల, ఏ కోర్సు ముందో ఏది వెనకో తెలియకపోవడం వల్ల. అందుకే వాటి గురించే వివరంగా చెబుతాను.

అన్నిటికన్నా ముందు డిగ్రీ పేరు. చిన్నపిల్లలంటే ఇష్టం అని చెప్పగానే చాలామందికి ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్ చూపిస్తారు. అది ప్రీస్కూళ్ళు, డేకేర్‌ల దారి. దాంతో వచ్చేది చైల్డ్ డెవలప్‌మెంట్ పర్మిట్. దాన్ని పట్టుకుని మూడో తరగతికి పాఠం చెప్పడానికి కుదరదు. మీ అమ్మాయి చూడాల్సిన పేరు ‘అసోసియేట్ ఇన్ ఆర్ట్స్ ఇన్ ఎలిమెంటరీ టీచర్ ఎడ్యుకేషన్ ఫర్ ట్రాన్స్‌ఫర్’. పొట్టిగా ఏఏ-టీ అంటారు. చివర ‘ఫర్ ట్రాన్స్‌ఫర్’ (యూనివర్సిటీకి మారడానికి) అన్న మాట ఉండి తీరాలి. ఈ రకం డిగ్రీలు 2010లో వచ్చిన రాష్ట్ర చట్టంతో మొదలయ్యాయి. యూనిట్ అంటే కోర్సు బరువును కొలిచే లెక్క. కమ్యూనిటీ కాలేజీలో 60 యూనిట్లతో ఇది పూర్తిచేస్తే, రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల సముదాయమైన కాల్ స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో మూడో ఏడాది సీటుకు హామీ ఉంటుంది. అక్కడ ఇంకో 60 యూనిట్లకు మించి అడగకూడదు. అయితే ఆ హామీ వ్యవస్థలో ఏదో ఒక క్యాంపస్‌కే, మీరు కోరుకున్న క్యాంపస్‌కు కాదు. ఇంటినుంచి వెళ్ళొచ్చేలా శాన్ జోస్ స్టేట్‌లోనో, హేవర్డ్‌లోని ఈస్ట్ బేలోనో చదవాలంటే మంచి జీపీఏ చేతిలో ఉండాలి. శాన్ జోస్ స్టేట్ పుట్టిందే 1857లో, టీచర్లకు శిక్షణ ఇచ్చే పాఠశాలగా. ఆ మాట బంధువులకూ చెప్పొచ్చు.

ఈ డిగ్రీ అన్ని కమ్యూనిటీ కాలేజీల్లోనూ ఉండదు. మీ చుట్టుపక్కల మిషన్, ఓహ్లోనీ, డీ ఆంజా లాంటివి చాలానే ఉన్నాయి. ఇంటికి ఏది దగ్గరని కాకుండా, ఏ కాలేజీ కేటలాగ్‌లో ఈ డిగ్రీ పేరు ఉందో చూసి ఎంచుకోండి. డీ ఆంజాలో సెమిస్టర్లు కాదు, క్వార్టర్లు. అక్కడ 60కి బదులు 90 యూనిట్లని లెక్క. మధ్యలో ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారితే యూనిట్లు ముక్కలై కోర్సులు సగం సగం మిగిలిపోతాయి. ఎక్కడ మొదలుపెడితే అక్కడే ముగించడం మేలు.

ఇక కోర్సులు. ఈ డిగ్రీలో ఒక్క సబ్జెక్టులో లోతుకు వెళ్ళడం కాదు, అన్నిట్లోనూ కొంత కొంత చదవాలి. ఇంగ్లిష్ రచన, సాహిత్యం, పబ్లిక్ స్పీకింగ్, జీవశాస్త్రం, భౌతిక రసాయన శాస్త్రాలు, భూగర్భ శాస్త్రం, ప్రపంచ చరిత్ర, అమెరికా చరిత్ర, భూగోళం, ప్రభుత్వం, శిశు వికాసం, కళలు, అన్నీ ఉంటాయి. ఎలిమెంటరీలో ఒకే టీచర్ రోజంతా అన్ని సబ్జెక్టులూ చెప్పాలి కాబట్టే ఈ ఏర్పాటు. క్రెడెన్షియల్ పేరు కూడా మల్టిపుల్ సబ్జెక్ట్ అనే.

వీటిలో పిల్లలు తక్కువగా అంచనా వేసేది ‘మ్యాథ్ ఫర్ ఎలిమెంటరీ టీచర్స్’. కాలిక్యులస్ చదివి వచ్చాం, కూడికలూ తీసివేతలూ ఎంతలే అనుకుని దెబ్బతింటారు. ఇందులో అడిగేది జవాబు కాదు, కారణం. 3/4ని 1/8తో భాగించమంటే తిరగేసి గుణించి ఆరు అని మనందరం చెబుతాం. ఎందుకు తిరగేయాలో ఆరో తరగతి పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పమంటారు ఇక్కడ. ముప్పావు లీటరు పాలను అరపావు గ్లాసుల్లో పోస్తే ఎన్ని నిండుతాయి? లీటరు పాలకైతే ఎనిమిది గ్లాసులు. మరి ముప్పావు లీటరుకు ఎనిమిదిలో ముప్పావు వంతు, అంటే ఆరు. ఎనిమిదితో ఎందుకు గుణించామో అప్పుడు కంటికి కనిపిస్తుంది. ఇలా బొమ్మ గీసి, మాటల్లో చెప్పి, పిల్లాడు ఎక్కడ తప్పాడో పట్టుకోవడం ఆ కోర్సు. దీన్ని చాలా కాలేజీల్లో ప్రతి సెమిస్టర్‌లోనూ పెట్టరు. ఒక్కసారి తప్పిపోతే ట్రాన్స్‌ఫరే ఏడాది వెనక్కి పోవచ్చు. సాధారణ విద్య (ఏ డిగ్రీవాళ్ళయినా చదవాల్సిన కోర్సులు) కింద ఉండే గణితం కోటాకు ఇది చెల్లుతుందా, విడిగా స్టాటిస్టిక్స్ కూడా తీసుకోవాలా అన్నది మొదటి రోజే కౌన్సెలర్‌ని అడిగి రాయించుకోండి.

రెండో ముఖ్యమైన కోర్సు ఎలిమెంటరీ టీచింగ్ పరిచయం. దీంతోపాటు ప్రభుత్వ బడిలో కనీసం 45 గంటలు తరగతిలో కూర్చుని చూడాలి. వారానికి మూడు గంటలు పెట్టుకుంటే సెమిస్టర్ మొత్తం సరిపోతుంది. కానీ బడిలో అడుగుపెట్టే ముందు టీబీ పరీక్ష కాగితం అడుగుతారు. చాలా డిస్ట్రిక్ట్‌లు లైవ్ స్కాన్ వేలిముద్రలు కూడా అడుగుతాయి. ఈ రెండూ సెమిస్టర్ మొదలయ్యాక పెట్టుకుంటే నాలుగైదు వారాలు గాలికిపోతాయి. మిగిలిన వారాల్లో గంటలు కుక్కాల్సి వస్తుంది, మిగతా క్లాసులు దెబ్బతింటాయి. క్లాసులు మొదలయ్యే ముందు నెలలోనే పూర్తిచేయించండి.

ఆ 45 గంటలూ ఊరికే కూర్చుని సంతకాలు పెట్టించుకునేవి కావు. రెండో తరగతిలో ఒక పిల్లాడు ‘షిప్’ అని ఉన్న మాటను ‘సిప్’ అని చదివాడనుకోండి. టీచర్ వెంటనే సరైన మాట అందించిందా, లేక మొదటి రెండు అక్షరాల కింద వేలు పెట్టి ‘ఎస్, హెచ్ కలిస్తే ఏ శబ్దం?’ అని అడిగి ఆగిందా? ఎంతసేపు ఆగింది? పిల్లాడు ఆ తర్వాత ఏం చేశాడు? ఇలాంటివి తారీఖు వేసి నోట్‌బుక్‌లో రాసుకోవాలి, పిల్లల పేర్లు మాత్రం రాయకూడదు. తర్వాత క్రెడెన్షియల్ దరఖాస్తులో వ్యాసం రాసేటప్పుడూ, ఇంటర్వ్యూలోనూ ‘నాకు పిల్లలంటే ఇష్టం’ అనే మాటకన్నా ఈ పుస్తకంలోని ఒక్క పేజీ ఎక్కువ పనిచేస్తుంది. అసలు ఈ పని తనకు సరిపడుతుందా అన్నదీ మీ అమ్మాయికి ఇక్కడే తెలుస్తుంది. నాలుగో ఏడాదిలో తెలియడం కన్నా మొదటి ఏడాదిలో తెలియడం ఎంత నయమో ఆలోచించండి.

యూనిట్ల లెక్కలో ఒక తికమక ఉంది. సెమిస్టర్‌కు 12 యూనిట్లు తీసుకుంటే ఫుల్‌టైమ్ అనే రాస్తారు. కానీ నాలుగు సెమిస్టర్లకు 48 యూనిట్లే అవుతాయి. రెండేళ్ళలో ముగించాలంటే 15 చొప్పున చదవాలి, లేదంటే వేసవిలో పూడ్చుకోవాలి. సాధారణ విద్య కోర్సులకు 2025 ఫాల్ నుంచి కాల్-జెట్‌సీ అనే ఒకే పట్టిక ఉంది, 34 యూనిట్లు. అందులో ప్రతి కోర్సులోనూ సి గ్రేడ్ రావాలి. సి మైనస్ వస్తే మళ్ళీ చదవాల్సిందే. ఇంకో కాలేజీలో వేసవి కోర్సు తీసుకునేటప్పుడు అది చెల్లుతుందో లేదో అసిస్ట్ అనే రాష్ట్ర వెబ్‌సైట్‌లో చూడాలి. ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ కాల్ స్టేట్ కోర్సుకు సమానమో అధికారికంగా అక్కడే ఉంటుంది. సీనియర్లు చెప్పారని నమ్మకండి. పట్టికలు ఏటా మారతాయి.

ఖర్చు విషయానికి వస్తే, కమ్యూనిటీ కాలేజీలో రాష్ట్రవాసులకు సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్లు. 60 యూనిట్లకు 2,760 డాలర్లు. మొదటిసారి కాలేజీలో చేరి, 12 యూనిట్లకు తగ్గకుండా చదువుతూ, ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయం దరఖాస్తు) నింపినవాళ్ళకు చాలా కాలేజీలు మొదటి రెండేళ్ళూ ఆ ఫీజు కూడా తీసుకోవు. పుస్తకాలు, పార్కింగ్, ఆరోగ్య ఫీజు మీవే. ఆదాయం ఎక్కువ కదా, మనకేమీ రాదని ఫాఫ్సా నింపని తెలుగు కుటుంబాలు ఎన్నో. ఈ మినహాయింపుకు ఆదాయంతో పనిలేని కాలేజీలున్నాయి, కాబట్టి మార్చి 2లోగా నింపండి. కాల్ స్టేట్‌లో ట్యూషన్ 2025-26లో ఏడాదికి 6,450 డాలర్లు, క్యాంపస్ ఫీజులు అదనం, పైగా ఏటా పెరుగుతోంది.

ఫెడరల్ టీచ్ గ్రాంట్ గురించి ఎవరైనా చెబితే జాగ్రత్తగా వినండి. ఏడాదికి 4,000 డాలర్ల దాకా ఇస్తారు గానీ, చదువయ్యాక ఎనిమిదేళ్ళలోపు నాలుగేళ్ళు పేదపిల్లలు ఎక్కువగా ఉన్న బడిలో, కొరత ఉన్న సబ్జెక్టులో చెప్పాలి. తప్పితే మొత్తం అప్పుగా మారిపోతుంది, మొదటి రోజు నుంచీ వడ్డీతో సహా. మామూలు ఎలిమెంటరీ తరగతి ఆ కొరత జాబితాలో అన్నిసార్లూ ఉండదు. స్పెషల్ ఎడ్యుకేషన్, ద్వైభాషా బోధన వైపు వెళ్ళే ఉద్దేశం ఉంటేనే తీసుకోమనండి.

ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు మూడో సెమిస్టర్‌లోనే వస్తుంది. కాల్ స్టేట్‌కు అక్టోబరు 1న తెరుస్తారు. నవంబరు పండగ సెలవులకు ముందే పంపేయాలి. ఇక్కడ ఎక్కువమంది మరిచేది ఒకటుంది. కోర్సులన్నీ పూర్తయినంత మాత్రాన డిగ్రీ దానంతట అది రాదు, కమ్యూనిటీ కాలేజీలో డిగ్రీకి విడిగా దరఖాస్తు పెట్టాలి. అది పెట్టకపోతే కోర్సులన్నీ ఉన్నా ఏఏ-టీ లేనట్టే, ఆ సీటు హామీ కూడా లేనట్టే.

కాల్ స్టేట్‌లో చేరేది సాధారణంగా లిబరల్ స్టడీస్‌లో. రెండేళ్ళలో బీఏ, ఆ తర్వాత ఒక ఏడాది క్రెడెన్షియల్ ప్రోగ్రామ్, మొత్తం అయిదేళ్ళు. బీఏ, క్రెడెన్షియల్ కలిపి చదివే ఇంటిగ్రేటెడ్ ప్రోగ్రామ్‌లు కొన్ని క్యాంపస్‌లలో ఉన్నాయి. ట్రాన్స్‌ఫర్ విద్యార్థులను తీసుకుంటారా, ముందే ఏ కోర్సులు అయి ఉండాలి అన్నది మొదటి ఏడాదిలోనే అడగండి. క్రెడెన్షియల్‌కు 600 గంటల తరగతి అనుభవం కావాలి. పాఠం చెబుతూ వీడియో తీసి పంపే పరీక్షలు ఉంటాయి. చదవడం నేర్పే నైపుణ్యానికి ఒకప్పుడు రైకా అనే రాతపరీక్ష ఉండేది, 2025 జులై నుంచి దాని స్థానంలోనూ ఇలాంటి పరీక్షే వచ్చింది. సీబెస్ట్ అనే ప్రాథమిక నైపుణ్యాల పరీక్ష రాయాలని పాత సలహాల్లో ఇంకా కనిపిస్తుంది. 2024 నుంచి బ్యాచిలర్ డిగ్రీ ఉంటే ఆ అవసరం లేదు. సబ్జెక్టు జ్ఞానానికి సీసెట్ పరీక్ష కూడా, సరైన లిబరల్ స్టడీస్ డిగ్రీ ఉంటే అక్కర్లేదు. కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

మొదట వచ్చేది ప్రిలిమినరీ క్రెడెన్షియల్, అయిదేళ్ళు చెల్లుతుంది. ఉద్యోగం చేస్తూ రెండేళ్ళ ఇండక్షన్ (కొత్త టీచర్లకు ఇచ్చే తోడ్పాటు శిక్షణ) ముగిస్తే క్లియర్ క్రెడెన్షియల్. జీతాల పట్టికను ప్రతి డిస్ట్రిక్ట్ బహిరంగంగా పెడుతుంది. డిగ్రీ తర్వాత చదివిన యూనిట్లను బట్టి, సర్వీసును బట్టి జీతం పెరుగుతుంది. అయిదేళ్ళ సర్వీసు దాటితే కాల్‌స్టర్స్ అనే రాష్ట్ర టీచర్ల పెన్షన్‌కు హక్కు వస్తుంది.

ఒక సలహా ప్రత్యేకంగా చెప్పాలి. నాలుగేళ్ళ పిల్లలకు ప్రభుత్వ బడుల్లోనే ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్ ఇప్పుడు అందరికీ వచ్చింది. ఆ తరగతి చెప్పేవాళ్ళకు మల్టిపుల్ సబ్జెక్ట్ క్రెడెన్షియల్‌తోపాటు శిశు వికాసం, పూర్వ ప్రాథమిక విద్యలో 24 యూనిట్లు ఉండాలన్నది ఒక ప్రధాన నియమం. ఈ యూనిట్లు కమ్యూనిటీ కాలేజీలోనే చవకగా దొరుకుతాయి. డిగ్రీలో భాగంగా చదివే శిశు వికాసం కోర్సు ఎలాగూ ఉంది, వేసవుల్లో మిగతావి చేర్చుకుంటూ పోతే ఉద్యోగం వెతుక్కునే రోజున కిండర్‌గార్టెన్ కన్నా కింది తలుపు కూడా తెరిచే ఉంటుంది. అలాగే 48 యూనిట్లు దాటాక బడిలో పారాఎడ్యుకేటర్‌గా (తరగతిలో టీచర్‌కు సహాయకురాలిగా) పార్ట్‌టైమ్ చేయొచ్చు. షాపులో చేసే పార్ట్‌టైమ్ కన్నా ఇది వందరెట్లు మేలు.

మీకు గ్రీన్ కార్డులున్నాయి కాబట్టి ఇదంతా వర్తిస్తుంది. హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇది చదువుతుంటే కాస్త ఆగాలి. కాలిఫోర్నియాలో వాళ్ళకు రాష్ట్రవాసుల ఫీజు దొరకవచ్చు గానీ, ఫాఫ్సా లేదు, జీతం వచ్చే పని చేయకూడదు, 21 ఏళ్ళు నిండితే ఆ వీసా పోతుంది. అయిదేళ్ళ చదువు మధ్యలోనే ఆ పుట్టినరోజు వస్తుంది. ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారితే బయటివాళ్ళ ఫీజు పడవచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాకే కాలేజీ ఎంచుకోండి.

మీ ఆవిడ సంగతి వేరు. ఆమె కమ్యూనిటీ కాలేజీలో మొదటినుంచీ మొదలుపెట్టక్కర్లేదు. రాష్ట్ర టీచర్ క్రెడెన్షియలింగ్ కమిషన్ గుర్తించిన సంస్థల్లో ఒకదానితో డిగ్రీల మూల్యాంకనం చేయించండి, కోర్సుల వారీగా రాసిచ్చే రకం అడగండి. కమిషన్ జాబితాలో లేని సంస్థతో చేయిస్తే డబ్బు వృథా. మూడేళ్ళ బీఎస్సీ ఒక్కటే చూస్తే ఇక్కడి బ్యాచిలర్ డిగ్రీకి సమానం కాదని రావచ్చు. అందుకే బీఎడ్ మార్కుల పత్రాలు కూడా కలిపి పంపాలి. సమానమని వస్తే నేరుగా క్రెడెన్షియల్ ప్రోగ్రామ్‌కే దరఖాస్తు పెట్టుకోవచ్చు. తక్కువ పడిన యూనిట్లు ఏవైనా ఉంటే, అమెరికా రాజ్యాంగం కోర్సులాంటివి, వాటికోసం మాత్రం అమ్మాయి చదివే కాలేజీలోనే సాయంత్రం క్లాసులో చేరొచ్చు. మార్కుల పత్రాలు యూనివర్సిటీ నుంచి సీలు వేసిన కవర్లో రావడానికి నెలలు పడుతుంది కాబట్టి, ఇండియాలో ఎవరో ఒకరిని ఇప్పుడే ఆ పని మీద పంపండి.